తవుడు పోసి కొన్న బిడ్డ

తవుడు ఎగిరిపోతుందేమో, మీద ఒక తడిగుడ్డ కప్పి ఉంటే బాగుండేది, అయినా ఈ సరస్సు గాలికి గుడ్డ మాత్రం ఎక్కడ నిలుస్తుంది, ఎగిరితే ఎగరనీ, దుర్గక్క కొలిచి చూసి, ఇది చాలదు పో, బిడ్డనియ్యను అంటే, అంటే ఏం చేస్తుంది తను, ఉషారాణి ఆలోచన అక్కడ ఆగిపోయింది, ఎందుకంటే ఆ మాట దగ్గర గుండెలో భయం పుట్టాలి కదా, పుట్టలేదు, ఏదో తేలికగా కదిలింది, ఛీ అనుకుని చేటను కడుపుకు ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది, ముందు అత్త పోలేరమ్మ నడుస్తోంది, తలంటుకుని, పెట్టెలోంచి తీసిన ఎర్రచీర కట్టి, రేవులో చేపల వేలంపాటకు వెళ్ళేటప్పుడు నడిచినట్టే మోచేతులు విసురుతూ, ఎదురొచ్చినవాళ్ళందరికీ వినబడేలా, మా బిడ్డ కాదులేమ్మే, దుర్గ బిడ్డ, బేరం కుదిరితే కొనుక్కుంటాం, లేదంటే మా దోవన మేం పోతాం, అని చెబుతూ, అలా చెప్పడం ఆచారం, వినవలసింది మనుషులు కాదు, మనుషుల వెనక పొంచి ఉండే దృష్టి, గాలీ ధూళీ, పసిగుడ్లను ఎత్తుకుపోయేది ఏదైతే అది, ఈ బిడ్డను వీళ్ళు తవుడికి అమ్ముకున్నారట, అంత విలువలేని దానితో మనకేం పని అని అది తన దోవన పోవాలి, పోలేరమ్మకు చెంగయ్య కంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే చెంగయ్యను ఇలాగే సోలెడు తవుడికి అమ్మి మళ్ళీ కొనుక్కున్నారు, నిలిచాడు, నిలవడమేమిటి, గుమ్మానికి తల తగిలేంత మనిషై వల లాగుతున్నాడు, ఉషారాణికి మొగుడయ్యాడు, ఇంకేం రుజువు కావాలి పోలేరమ్మకు, అందుకే నెల్లూరు ఆసుపత్రి నుంచి బిడ్డను తెచ్చిన రోజే, గడప తొక్కనివ్వకుండా చేటలో పడుకోబెట్టి, కన్న నలుగురినీ నిలుపుకున్న దుర్గ చేతికి అమ్మించింది, అమావాస్య వెళ్ళేదాకా బిడ్డ దుర్గ ఇంట్లోనే, కన్నతల్లి వెళ్ళి పాలిచ్చి రావచ్చు, నా బిడ్డ అని మాత్రం అనకూడదు, అన్నదో, చేసినదంతా దండగ, ఆ రోజు ఉషారాణి ఏడ్చింది, పచ్చి బాలింత, కడుపు తరుక్కుపోయి ఏడుస్తోంది పాపం అని వీధంతా ముక్కు చీదింది, వీధికేం తెలుసు, తను ఏడ్చింది బరువు దిగినందుకు.

బరువంటే ఎంతని, పుట్టినప్పుడు తూకం వేస్తే కిలో కూడా లేదు, కిలో కూడా లేని దాన్ని దించుకుని హమ్మయ్య అని ఏడ్చే తల్లి ఉంటుందా ఎక్కడైనా, ఉంది, ఇదిగో, తడ దగ్గర చెప్పుల కంపెనీలో అడుగులకు జిగురు పూసే ఉషారాణి, ఏడో నెల వచ్చినా పనికి వెళ్ళిన ఉషారాణి, వద్దని చెంగయ్య చెప్పాడు, అత్త చెప్పింది, ఇంకొక్క నెల, ఇంకొక్క నెల అంటూ తనే, ఆ కంపెనీ బస్సంటే ఇష్టం తనకు, కిటికీ పక్క సీటు, ఆడపిల్లల కబుర్లు, ఇంట్లో ఎప్పుడు చూసినా ఎండుచేపల వాసన, బస్సులో మల్లెపూల వాసన, ఆ సాయంత్రం ఆ సీటులోనే కింద వెచ్చగా తడిసింది, ఉచ్చ పోసుకున్నాననుకుంది, దేవుడా, ఇంత మనిషిని, బస్సులో, ముందు డ్రైవరు, పక్కన కొత్తగా చేరిన పెళ్ళికాని పిల్ల, ఏందక్కా అట్టా అయిపోయినావు అని అడిగింది కూడా, ఏం లేదు, నడుంనొప్పి అంది, క్యారేజీ సంచి ఒళ్ళోకి లాక్కుని, కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యకు నొక్కుకుని, ఎవరికీ వాసన రాకూడదు, ఎవరూ చూడకూడదు, అందరూ దిగాక తను దిగాలి, ఆ పిల్లేమో రెండు ఇయర్‌ఫోన్లలో ఒకటి తన చెవిలో పెట్టబోయింది, పాట వినక్కా నొప్పి మరిచిపోతావు అని, పాపం మంచిపిల్ల, సూళ్ళూరుపేటలో ఆసుపత్రి ముందే బస్సు ఆగింది, కాసేపు ఆగింది, ఎవరో టీ తాగడానికి దిగారు కూడా, దిగి ఉంటే, ఆ పిల్ల చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే, చెప్పలేదు, సీటు మీద మరక కనిపిస్తుందని సిగ్గు, ఊరు చేరేదాకా అలాగే బిగుసుకుని కూర్చుంది, ఉమ్మనీరు ఎప్పుడు పోయిందమ్మా అని నెల్లూరులో డాక్టరమ్మ అడిగితే, ఇంటికొచ్చినాకే మేడమ్, అంది, అడగ్గానే వచ్చేసింది ఆ అబద్ధం, ఎక్కడా తడబడలేదు, పక్కన చెంగయ్య ఉన్నాడు, అవును మేడమ్, ఇంటికొచ్చినాకే, అని వాడు కూడా వంత పాడాడు, పిచ్చిమొహం, బిడ్డ ఊపిరికంటే సీటు మీది మరక పెద్దదయింది తనకు, ఈ సంగతి ఇప్పటికీ తనకు తప్ప ఎవరికీ తెలియదు.

నడువ్ మే, నిద్రపోతా నడుస్తుండావా, అని అత్త వెనక్కి తిరిగి అరిచింది, నడుస్తూనే ఉన్నా అత్తా, రోడ్డు పక్క పట్ట మీద రొయ్యలు ఎండబోశారు, తొక్కకుండా పక్కకు జరిగింది, చూడకూడదనుకుంటూనే చూసింది, ఎండురొయ్య, అద్దాల పెట్టెలో బిడ్డను మొదటిసారి చూపించినప్పుడు మనసులోకి వచ్చిన మాట అదే, ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం, చర్మం కింద నరాలన్నీ బయటికి కనబడుతూ, ఎర్రగా, వంకర తిరిగి, ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట వీపుకు అంటుకుపోతూ, నీ పాపేనమ్మా, చూడు ఎంత గట్టిదో, అని నర్సమ్మ మురిపెంగా అంది, ఉషారాణి చూసింది, ఇదా, అనుకుంది, ఇది మనిషి బిడ్డేనా, దీన్నెవరు సాకుతారు, ఇది బతికేనా, బతికి మాత్రం ఏం, ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది, పక్క పెట్టె దగ్గర కోట ఊరి నుంచి వచ్చిన అమ్మాయి అద్దానికి చెయ్యి ఆనించి సన్నగా పాడుతోంది, దాని బిడ్డా అంతే ఉంది, దానికి పాట ఎక్కడినుంచి వచ్చింది, తనకు పాట రాలేదు, పాలూ రాలేదు, వరండాలో ఎవరి బిడ్డో గుక్కపెట్టి ఏడిస్తే మాత్రం జాకెట్టు తడిసి ముద్దయింది, ఊరి బిడ్డకు వచ్చిన పాలు సొంత బిడ్డకు రావా అని బాత్రూములో జాకెట్టు పిండుకుంటూ తన్ను తాను తిట్టుకుంది, డాక్టరమ్మ చెంగయ్యను పక్కకు పిలిచి, ఇప్పుడే ఏం చెప్పలేం అన్నప్పుడు వాడు గోడ పట్టుకున్నాడు, తనకు ఏమీ అనిపించలేదు, ఆకలేసింది, ఇడ్లీ తింది, బిడ్డ కాస్త తేరుకున్నాక, గుండెల మీద పడుకోబెట్టుకోమ్మా, నీ ఒంటి వేడికి త్వరగా పుంజుకుంటుంది, అని నర్సమ్మ పిలిస్తే, జలుబుగా ఉంది సిస్టర్, అంది, లేని జలుబు, కొంగుతో ముక్కు కూడా తుడుచుకుంది, జలుబున్నవాళ్ళను లోపలికి రానివ్వరని పక్క మంచం ఆవిడ ముందురోజే చెప్పింది, ఆ ముక్క ఎంత జాగ్రత్తగా దాచుకుందో, అయితే వాళ్ళ నాన్నను రమ్మను అన్నారు, చెంగయ్య వచ్చాడు, చొక్కా విప్పడానికి సిగ్గుపడ్డాడు ముందు, ఉప్పునీళ్ళకు కమిలిన ఆ రొమ్ము మీద బిడ్డను పెట్టి గుడ్డతో చుట్టికట్టారు, గట్టిగా ఊపిరి తీయొచ్చా సిస్టరూ, దానికేమన్నా నొప్పి పెడతాదా, అని అడిగాడు, ఆసుపత్రి అంతా నవ్వింది, వేట మానుకుని రోజూ అలా కదలకుండా కూర్చున్నాడు, రాణీ, దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటుండాది మే, నీ జలుబు తగ్గినాక నువ్వే చూస్తువులే, అన్నాడు, తగ్గలేదు ఆ జలుబు, ఇంటికి పంపేదాకా తగ్గలేదు, తగ్గకుండా చూసుకుంది, మొగుడు చూస్తున్నప్పుడల్లా తుమ్మింది.

మరి అలాంటి మనిషికి బిడ్డను అమ్మేయమంటే పండగ కాదూ, అమ్మిన రోజు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది, లేచి, పాలు పడాలని అత్త వండిన పాలసొర చేప పులుసు మారు అడిగి వేయించుకుంది, దుఃఖం దిగమింగుకుని తింటోంది పిచ్చిది అని అత్త ఇంకో ముక్క వేసింది, ఆ ముక్క గొంతు దిగుతుంటే సిగ్గేసింది, అయినా దిగింది, పూటపూటకూ దుర్గ ఇంటికి వెళ్ళడం, ఆ ఇల్లు ఇల్లు కాదు సంత, నలుగురు పిల్లలు, కోళ్ళు, టీవీ, ఆ రొదలో దుర్గ బిడ్డను తెచ్చి ఒళ్ళో పడేసి, నా బిడ్డకు కడుపునిండా ఇయ్యి మే, కూలికొచ్చినదానివి దిక్కులు చూస్తా కూచుంటే ఎట్టా, అని ఆటపట్టించేది, సరేనక్కా, నీ బిడ్డకేం తక్కువ చేయనులే, అనేది తను, అలా అనగానే ఎక్కడో ముడి సడలేది, దుర్గక్క బిడ్డ, పరాయి బిడ్డ, పరాయి బిడ్డను చూడడానికి సిగ్గేముంది, ఎండురొయ్య అని ఎవర్ని అనుకుంది, దీన్ని కాదు, బస్సులో ఎవర్ని చంపబోయింది, దీన్ని కాదు, దీనికి తనేమీ బాకీ లేదు, అందుకని తీరిగ్గా చూసింది, కుడిచెవి అంచు లోపలికి మడతపడి ఉంది, నాలుగు గుటకలు తాగి అలసిపోయి ఆగుతుంది, ఆగినప్పుడు ఒక కన్ను మాత్రం తెరుస్తుంది, భుజాల మీది నూగు రాలిపోతోంది, గోళ్ళు ఉన్నాయి, ఇంత చిన్న వేళ్ళకు గోళ్ళు కూడానా అని ఆశ్చర్యపోయింది, అరికాలు గీరితే అలసటగా మూలిగి మళ్ళీ తాగుతుందని తనంతట తనే కనిపెట్టింది, దీనికి ఎక్కిళ్ళు ఎక్కువక్కా, భుజాన వేసుకుని కాసేపు తట్టు, అని దుర్గకే పాఠాలు చెప్పసాగింది, పూట కాకముందే బయలుదేరేది, కన్నబిడ్డ అన్నప్పుడు చెయ్యి రానిది, అద్దెబిడ్డ అనుకుంటే అరచెయ్యంతా తలకింద పెట్టి పట్టుకుంది, దీన్నేమంటారు, ఇలాంటి తల్లిని ఏ పేరుతో పిలుస్తారు, నిన్న అత్త, అమావాస్య వెళ్ళిపోయింది, రేపు కొనుక్కొచ్చుకుందాం అంటే గుండె జారింది, కొనుక్కుంటే మళ్ళీ నాదవుతుంది, నాదైతే మళ్ళీ మొహం చూడలేను, ఈ అమ్మకం ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండు, వచ్చి పాలిచ్చి, చూసుకుని, ఎవరి బిడ్డో అనుకుని వెళ్ళిపోతూ, అలా ఎన్నేళ్ళయినా చేయగలదు తను.

వచ్చేశారు, దుర్గ ఇంటి ముందు ఆడవాళ్ళంతా చేరారు, ఈ బేరానికి మగవాళ్ళు రాకూడదు, రాకూడదంటే ఇంకేం, ఒక్క ఆడమనిషి ఇంట్లో మిగల్లేదు, దుర్గ అరుగు మీద కాళ్ళు చాపుకుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మహారాణిలా కూర్చుంది, ఏం కావాల మీకు, అంది ఎప్పుడూ చూడనట్టు, బిడ్డ ఉండాదంట గదా అమ్మకానికి, అంది పోలేరమ్మ, ఉండాది, మేలైన సరుకు, వంజరం చేప ముక్క మాదిరి ఉండాది, చూస్కోండి, అంది దుర్గ, ఇప్పుడు కొనే తల్లి సరుకును తిట్టాలి, ఎంత తిడితే అంత మంచిది, రేవులో గంప కిందికి దించగానే, ఇవేం చేపలబ్బా, ఇసకలో పొర్లించి తెచ్చినారా అని పోలేరమ్మ అందుకుంటే వేలం పాడేవాడు సగం ధరకు దిగుతాడు, అలా తిట్టాలి, ఆ దృష్టి చెవులు మూసుకుని పారిపోయేలా, ఉషారాణి చేట అరుగు మీద పెట్టి తవుడు చదును చేస్తోంది, తిట్టు మే, అని అత్త డొక్కలో పొడిచింది, ఇదేం బిడ్డ అను, అందరూ నవ్వుతున్నారు, సిగ్గుపడుతుండాదిలే, చదువుకున్న పిల్ల, మనమే అందిద్దాం, మనిషి బిడ్డేనా ఇది అను మే, ఎండురొయ్య మాదిరి ఉండాది అను, దీన్నెవురు సాకతారు అను, తలొక మాటా అందిస్తున్నారు, ఉషారాణి చెవులు కాలిపోతున్నాయి, ఎవరు చెప్పారు వీళ్ళకు, ఎవరూ చెప్పలేదు, ఇవి ఊరందరి నోళ్ళలో నలిగిన తిట్లే, వాళ్ళ నోట్లో అవి ఉత్త ఆట, వాటిలో ప్రేమ తప్ప ఏమీ లేదు, తను ఒక్కతే వాటిని నిజంగా అన్నది, అద్దం ముందు నిలబడి, పూర్తి అర్థంతో అన్నది, ఇప్పుడు ఆటకైనా పైకి అంటే గొంతు గుర్తుపట్టేస్తారు, ఇది నిజమే అన్నదని దుర్గక్కకు తెలిసిపోతుంది, బిడ్డకు తెలిసిపోతుంది, మొహం చేతుల్లో దాచుకుంది, అయ్యో ఏడుస్తుండాది, తల్లిమనసు, ఎట్టా తిడతాది పాపం, అన్నారెవరో, ఆ మాటకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

సర్లే, నేను తిడతా, అని పోలేరమ్మ చీర బొడ్లో దోపింది, ఇక చూడాలి ఆ నోరు, ఏందమ్మా ఇది, బిడ్డా ఎలకపిల్లా, కాళ్ళేనా అవి, అగ్గిపుల్లలు, ఆ చెవేంది అట్టా మడిచి పెట్టినారు, దీనికి తవుడు దండగ, వడ్ల ఉమక చాలు, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు, చెవి మాట వచ్చినప్పుడు ఉషారాణి చేతులు మొహం మీంచి తీసింది, చెవికేమయింది, కాస్త మడత పడితే ఏమయింది, రోజూ పాలిచ్చేటప్పుడు వేలితో సర్దుతోంది, మెల్లగా విచ్చుకుంటోంది, ఆ సంగతి ఈవిడకు తెలుసా, దుర్గ కూడా బేరంలో ఆరితేరింది, బిడ్డను భుజానికెత్తుకుని, అంత పనికిమాలిన సరుకైతే మీకెందుకులే పో, నలుగురి పక్కన ఐదోది, నా కాడనే ఉంటాది, తవుడు గేదెకు పెట్టుకోండి, అంది, ఇదీ ఆటలో ఉన్నదే, ఇక్కడ కొనేవాళ్ళు ఒక మెట్టు దిగాలి, కానీ ఉషారాణికి చెవిలో గంట మోగినట్టయింది, ఇదిగో, తలుపు తెరిచారు, కోరుకున్నదిదే కదా, సరే ఉంచుకో అక్కా అంటే అయిపోతుంది, అను, అనేయ్, దుర్గ భుజం మీద బిడ్డ తల ఒక పక్కకు వాలిపోయింది, మెడ కింద చెయ్యి లేదు, పట్టుకోవడం రావడం లేదు ఈవిడకు, నలుగుర్ని కన్నది, మెడ కింద చెయ్యి పెట్టాలని తెలియదా, అది అలా వాలితే దానికి ఊపిరందదు, ఒక కన్ను తెరిచింది చూడు, వెతుకుతోంది, ఏం చూస్తున్నారు అందరూ, ఇట్టియ్యక్కా, మెడ, మెడ పట్టుకో, ఇయ్యి నా బిడ్డను, అంది ఉషారాణి, అంది అనడం తక్కువ, అరిచింది, సరస్సు అవతల పడవల్లో ఉన్నవాళ్ళకు వినబడి ఉంటుంది.

నవ్వులు ఆగిపోయాయి, అమ్మమ్మమ్మ, కొలవకముందే ఎంత మాటన్నావే, అని అత్త తన నోరు తానే కొట్టుకుంది, అప్పుడు తెలిసింది ఏమన్నదో, నా బిడ్డ అన్నది, తవుడు పోయకముందే, ఇంతమందిలో, ఇంత వెలుగులో, ఇన్నాళ్ళ జాగ్రత్త అంతా ఒక్క కేకతో పాడుచేసింది, పొంచి ఉన్నదానికి చిరునామా చెప్పినట్టే చెప్పింది, చూరు కిందికి చూసింది, నీళ్ళవైపు చూసింది, ఎటునుంచి వస్తుందది, వస్తే ముందు నన్ను, దాన్ని కాదు, ఇలాంటి భయం ఎరగదు తను, డాక్టరమ్మ ఏం చెప్పలేం అన్నప్పుడు ఇడ్లీ తిన్న మనిషి, ఇప్పుడు అరుగుకు అడ్డంగా వెళ్ళి నిలబడింది, అంతలో దుర్గ, ఎవురన్నారు నా బిడ్డని, నేనన్నా, నా బిడ్డను నేనంటా, తవుడు కొలిచేదాకా నాదే గదా, ఇంకెవురన్నా అన్నారా, మీరేమన్నా ఇన్నారా, అని అందర్నీ గుడ్లురిమి చూసింది, లేదక్కా, నువ్వే అన్నావు, మాకింకేం ఇనపళ్ళేదు, అన్నారు ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో, ఒక వీధి వీధంతా ఉషారాణి కోసం అబద్ధమాడింది, పోలేరమ్మ ముక్కు తుడుచుకుని, నాకూ అట్నే ఇనిపించింది, కొలువు, అంది, సోల నింపి పైన చదునుగా తలకొట్టి దుర్గ చెరగులో పోశారు, బిడ్డను తెచ్చి ఉషారాణి చేతుల్లో పెట్టారు, మెడ కింద అరచెయ్యి దానంతటది వెళ్ళింది.

అరుగు మీద కూలబడింది, ఒళ్ళో బిడ్డ, ఇప్పుడు దుర్గక్క బిడ్డ కాదు, ఇక ఆ ముసుగు లేదు, అనుకున్నంతా అయింది, అన్నీ వచ్చేశాయి, తడిసిన సీటు, లేని జలుబు, అద్దం ముందు అనుకున్న మాటలు, పులుసు ముక్క, బిడ్డతోపాటే అన్నీ వచ్చి ఒళ్ళో కూర్చున్నాయి, ఒక్కటీ తగ్గలేదు, చెంగయ్య సాయంత్రం వచ్చి, జలుబు పోయిందా రాణీ అని నవ్వితే ఏం చెబుతుంది, చెబుతుందేమో ఒకరోజు, బస్సు సంగతి కూడా, ఇవాళ కాదు, ఇవాళ మొహం దించుకునే ఉంది, దించుకున్న మొహానికి ఎదురుగా బిడ్డ మొహం ఉంది, తప్పించుకోవడానికి చోటు లేదు, అది ఒక కన్ను తెరిచి చూసి, మొహం చిట్లించి, నోరు పక్కకు తిప్పి వెతకడం మొదలుపెట్టింది, ఉండు, ఉండమ్మా, జాకెట్టు పిన్ను రావడం లేదు, అత్తా కాస్త కొంగు అడ్డం పట్టు, ఈ సిగ్గు పోవాలి, పోయాక, కడుక్కున్న చేతులతో ఎత్తుకున్నట్టు శుభ్రంగా ఎత్తుకోవాలి అనుకుంది ఇన్నాళ్ళూ, దానికోసమే ఆగింది, దానికోసమే తుమ్మింది, ఈ సిగ్గు పోదు, రేపూ పోదు, ఈ పిల్ల పెళ్ళికెదిగినా పోదేమో, అది పోయేదాకా దీనికి ఆకలి ఆగదు.